కెరిస్ పుట్టిన చోటు

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చి తలుపు తీయగానే నిమ్మకాయ వాసన, దాని వెంటే తడి ఇనుము వాసన ముక్కుకు తగిలాయి. మోకాళ్ళ నొప్పులని ఆ పూట ఇంట్లోనే ఉండిపోయిన మా అత్తగారు నిమ్మకాయ పులిహోర చేస్తున్నారు. నరసాపురం నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న ఇనప కత్తితో కాయలు కోసి, దాన్ని అలాగే గట్టు మీద వదిలేశారు. రసం పడినంత మేరా కత్తి నల్లబడింది.

"అయ్యో, కత్తి పాడుచేశానేమో చూడమ్మా స్వర్ణా. కడుగుదామనుకునే లోపు ఫోనొచ్చింది," అన్నారావిడ నొచ్చుకుంటూ.

"పాడవలేదండి అత్తయ్యగారూ. నిమ్మరసానికి ఇనుము అలాగే రంగు తిరుగుతుంది," అన్నాను. అన్నానే గాని, కొళాయి తిప్పకుండా అక్కడే నిలబడిపోయాను. నేను పని నేర్చుకున్న గదిలో రోజూ ఉండే వాసన అది. ఆ గది ఇబు హస్నాది.

ఇండోనేషియా భాషలో "ఇబు" అంటే అమ్మ. పెద్దావిడ ఎవరైనా సరే, మనం అమ్మగారూ అన్నట్టు వాళ్ళు ఇబు అంటారు. ఆవిడ పొట్టిగా, బక్కగా ఉండేవారు. తలకి లేతరంగు స్కార్ఫు, మెడలో తాడుకు వేలాడే భూతద్దం, ఎండాకాలంలోనూ ఊలు స్వెట్టరు. సులవేసి దీవిలోని మకస్సర్ ఆవిడ సొంత ఊరు. తరతరాలుగా సముద్రం మీద ఓడలు నడిపిన బుగిస్ జాతి మనిషి. చదువుకోవడానికి అమెరికా వచ్చి, మిషిగన్‌లో ఒక చిన్న కాలేజీ మ్యూజియంలో చేరి, పాత లోహపు వస్తువులను శుభ్రం చేసి కాపాడే పనిలోనే జీవితమంతా గడిపారు. పెళ్ళి చేసుకోలేదు. రెండేళ్ళ కిందట చలికాలంలో పోయారు. ఆవిడ పేరు మ్యూజియం బయట ఎవరికీ పెద్దగా తెలియదు. నాకు మాత్రం, చూడటం అనే పని ఆవిడ దగ్గర మొదలైంది.

అప్పటికి నేను మిషిగన్‌లోనే ఉన్న నోవై అనే ఊరికి వచ్చి ఏడాది కాలేదు. మా ఆయన సుధాకర్ కార్ల కంపెనీలో ఇంజినీరు. నేను హెచ్-ఫోర్ వీసా మీద, ఉద్యోగం చేసే వీలు లేకుండా, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునేదాన్ని. మెటలర్జీ చదివి, విశాఖలో స్టీలు ల్యాబ్‌లో పనిచేసి వచ్చినదాన్ని. మ్యూజియంలో వాలంటీర్లు కావాలన్న కాగితం లైబ్రరీ గోడ మీద చూసి, భయపడుతూ మంచులో గంటసేపు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. ఇన్నాళ్ళ తర్వాత అవి నాకు తెలుగులోనే గుర్తొస్తున్నాయి.

"మెటలర్జీ చదివావా? అయితే ఇనుములో ఏమేం ఉన్నాయో చెప్పగలవు. అది ఎక్కడ పుట్టిందో చెప్పగలవా?" అని అడిగారు మొదటి రోజే.

"ల్యాబ్ రిపోర్టు ఉంటే చెప్పడానికి ప్రయత్నిస్తానండి."

"రిపోర్టు లేదు. కళ్ళున్నాయిగా, రా."

బల్ల మీద పొడవాటి బాకులు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని కెరిస్ అంటారని అప్పుడే విన్నాను. కొన్ని పాములా వంకర్లు తిరిగి ఉన్నాయి, కొన్ని తిన్నగా ఉన్నాయి. విచిత్రమేమిటంటే ప్రతి బాకు పిడికీ ఒక ఊలు సాక్సు తొడిగి ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"సాక్సు లేకపోతే నువ్వు పిడినే చూస్తావు. అందరూ పిడినే చూస్తారు. దాని మీద రాక్షసుడి బొమ్మ ఉంటుంది, పువ్వులుంటాయి, రాళ్ళుంటాయి. పిడీ ఒరా బట్టల్లాంటివి. కెరిస్ ఏ దీవిలో ఉంటే ఆ దీవి బట్టలు తొడుగుతారు. ముందు ఒళ్ళు చూడు."

ఒళ్ళంటే అలుగు, ఆ ఇనప భాగం. వారాల తరబడి నాకు చూపించింది అదొక్కటే. బాలీ దీవి అలుగులు పొడవుగా, బరువుగా, చేత్తో రాస్తే నున్నగా ఉంటాయి. జావా అలుగులు సన్నగా, తేలిగ్గా ఉంటాయి. వాటిని ఏళ్ళ తరబడి నిమ్మరసంతో కడిగి, ఆర్సెనిక్ అనే పాషాణం పూసి నల్లబరుస్తారు కాబట్టి నల్లటి ఇనుములో తెల్లటి చారలు మబ్బుల్లా తేలి కనిపిస్తాయి, వేలికి గరుకు తగులుతుంది. సుమత్రా వాళ్ళవాటిలో కొన్ని ఊచలా పొడుగ్గా ఇరుకుగా ఉంటాయి. బుగిస్ వాళ్ళవి పొట్టిగా, వెడల్పుగా, దిట్టంగా ఉంటాయి. ఇవన్నీ అర్థమయ్యాక గానీ సాక్సులు తీయనివ్వలేదు. తీశాక బట్టల పాఠం మొదలైంది: జావా పిడి కొంచెం ముందుకు వంగి నిరాడంబరంగా ఉంటుంది, బాలీ పిడి మీద దేవతలో రాక్షసులో కూర్చుంటారు, బుగిస్ పిడి పక్షి తల వాల్చినట్టు ఒక్కసారిగా పక్కకు వంగుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం నేను తెచ్చిన గోంగూర పచ్చడి అన్నంలో కలుపుకుని తింటూ, "మీ చర్చికి తెలుగువాళ్ళంతా వస్తారు కదా. ఎవరిది ఏ ఊరో నీకెలా తెలుస్తుంది?" అని అడిగారు.

"మాట్లాడితే తెలిసిపోతుందండి. మా గోదావరి వైపు వాళ్ళు ప్రతిదానికీ 'అండి' తగిలిస్తారు. గుంటూరు వాళ్ళ మాట వేరు, హైదరాబాద్ వాళ్ళ మాట వేరు."

"గోదావరి మనిషి హైదరాబాద్‌లో చాలాకాలం ఉంటే?"

"కలిసిపోతుంది. చెప్పడం కష్టం." కాస్త ఆలోచించి, "కానీ కోపం వచ్చినప్పుడు సొంత ఊరి మాటే వస్తుందండి," అన్నాను.

ఆవిడ ముద్ద పక్కన పెట్టి గట్టిగా నవ్వారు. "అదీ! నీకు ఈ పని వస్తుంది. కెరిస్‌కి ఎక్కడ కోపం వస్తుందో వెతుకు."

ఆ చోటు అలుగు మొదట్లో ఉంటుంది. పిడికి కిందుగా అలుగు ఒక్కసారి వెడల్పయ్యే దగ్గర విడి ఇనప ముక్క ఒకటి తొడిగి ఉంటుంది. దాన్ని పైనుంచి చూస్తే గోడ మీద బల్లిలా కనిపిస్తుంది: తల, మెడ, పొట్ట, తోక. జావా వాళ్ళే దాని భాగాలకు బల్లి తల, బల్లి తోక అని పేర్లు పెట్టుకున్నారు. ఆ బల్లి మెడ ఎంత సన్నం, పొట్ట ఎంత లావు, తోక ఎలా ముగిసింది అన్నదాన్ని బట్టి ఇబు దీవి మాత్రమే కాదు, కొన్నిసార్లు దీవిలో ఏ ప్రాంతమో కూడా చెప్పేవారు. చెప్పలేనప్పుడు చెప్పలేనని ఒప్పుకునేవారు. ఆ ఒప్పుకోవడంలో కూడా ఆవిడకి రవ్వంత మొహమాటం ఉండేది కాదు.

ఆ పట్టుదల ఎంతవరకు పోతుందో మరుసటి చలికాలంలో చూశాను. ఆ ఊళ్ళో ఒక పాత వ్యాపార కుటుంబం తమ తాతగారు సేకరించిన బాకులన్నీ మ్యూజియానికి ఇస్తామని ముందుకొచ్చింది. వాటికోసం ఒక కొత్త గది కూడా కట్టిస్తామన్నారు. ఒక్కటే షరతు. ఏనుగు దంతపు పిడి ఉన్న కెరిస్‌ని మధ్యలో పెట్టి, జావా రాజు తమ తాతకు బహూకరించినది అని రాయాలి. ఇబు దాన్ని వారమంతా చూశారు. పిడి మీద చెక్కిన పూలు, యూరప్ రాజుల కిరీటం లాంటి బొమ్మ మదురా దీవి పనితనం. అలుగు కూడా అక్కడిదే. రాజాస్థానానికి చెందినదనడానికి ఆవిడకి ఏ ఆధారమూ దొరకలేదు.

డైరెక్టరు మంచి మనిషే. ఆ గది మీద ఆయనకి చాలా ఆశ ఉంది. "హస్నా, 'జావా రాజు ఇచ్చినట్టు చెబుతారు' అని రాద్దాం. అందులో అబద్ధమేముంది? వాళ్ళు చెబుతున్నారు కదా," అన్నారు.

"వాళ్ళు చెప్పేది వాళ్ళింట్లో చెప్పుకోవచ్చు. ఈ గోడ మీద రాస్తే మనం చెప్పినట్టు. మదురాలో ఒక మనిషి కూర్చుని, నెలల తరబడి ఈ దంతం మీద పూలు చెక్కాడు. అతని పని తీసి రాజు పేరు మీద ఎలా రాయమంటారు?"

గొంతు పెంచలేదు. ఆ మాట మార్చనూ లేదు. చివరికి ఆ కుటుంబం బాకులన్నీ వెనక్కి తీసుకెళ్ళిపోయింది. గది లేకుండా పోయింది. డైరెక్టరు చాలా రోజులు మాతో ముభావంగా ఉన్నారు. వాళ్ళ పెట్టెలు వ్యాను ఎక్కిన సాయంత్రం, పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతూ, "రేపు కాస్త పెందరాళే రా స్వర్ణా. మన డ్రాయర్లున్నాయిగా," అన్నారు ఇబు.

ఆ డ్రాయర్లలో కాలేజీ సొంత బాకులు ఎప్పటినుంచో పడి ఉన్నాయి. అన్నిటికీ కట్టిన అట్టముక్కల మీద ఒకే మాట ఉంది: జావా. ఎవరో ఒక పూట కూర్చుని, చూడకుండానే అన్నిటికీ అదే రాసేసినట్టున్నారు. వాటిని ఒక్కొక్కటిగా చూసి, ఎక్కడివో తేల్చి, మనకున్న చిన్న గదిలోనే ప్రదర్శన పెడదామని ఆవిడ నిశ్చయించుకున్నారు. డైరెక్టరు వద్దనలేదు, సాయమూ చేయలేదు.

నాకు అప్పుడే ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, వచ్చింది. ఇంట్లో మాట మొదలైంది.

"ఫ్రీగా ఎన్నాళ్ళు చేస్తావ్? మా సప్లయర్ దగ్గర ల్యాబ్ ఓపెనింగ్ ఉంది. అప్లై చేయొచ్చు కదా," అన్నాడు సుధాకర్.

"చేస్తాను. కానీ ఆ డ్రాయర్లు అయ్యాక."

"అవి ఎక్కడికీ పోవు కదా."

"నిజమే, అవి పోవు. ఆవిడ ఒక్కరే ఉన్నారక్కడ."

సుధాకర్ మర్నాడు పొద్దున నా కారుకి మంచు టైర్లు వేయించుకొచ్చాడు.

డ్రాయర్ల పని వసంతం దాకా సాగింది. బాలీవి తేలాయి, సుమత్రావి తేలాయి, పిడి ఒక దీవిది, అలుగు ఇంకో దీవిది అయినవీ తేలాయి. సులవేసి నుంచి వచ్చింది మాత్రం ఒక్కటే దొరికింది, దానికీ ఒర ముక్కలైపోయి ఉంది. అప్పుడు ఇబు ఇంటి నుంచి పసుపుపచ్చ పట్టుగుడ్డలో చుట్టిన కెరిస్ ఒకటి తెచ్చారు. అది ఆవిడ తండ్రిది. ఓడ నడిపిన ముత్తాత కోసం సొంత ఊరి కమ్మరి చేసిందని ఆ ఇంట్లో చెప్పుకుంటారట. తండ్రి దాన్ని కొడుక్కి కాకుండా కూతురికి ఇచ్చినందుకు తమ్ముడు హమీద్ కొన్నాళ్ళు అలిగాడని కూడా నవ్వుతూ చెప్పారు.

"ఎవరి వస్తువు వాళ్ళు చూసుకోకూడదు. దీన్ని నువ్వు చూడు. మిగతావాటిని చూసినట్టే," అని నా చేతిలో పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

పట్టు వదిలేలా గోరువెచ్చని గుడ్డ చుట్టి, మెల్లగా తిప్పి పిడి ఊడదీశాను. పక్షి తల వాల్చినట్టున్న పిడి, పడవలాంటి వెడల్పాటి ఒర మూతి, అన్నీ బుగిస్ వాళ్ళవే. కానీ అలుగు ఒరలో వదులుగా కదిలింది. ఒర మూతి లోపల, బల్లి కూర్చునే గాడిలో, వేరే రంగు చెక్కపేడు అతికించి ఉంది. ఆ ఒర ఇంకా వెడల్పైన అలుగు కోసం చేసినదన్నమాట. అలుగు సన్నగా, తేలిగ్గా, గరుగ్గా ఉంది. పైనుంచి చూశాను. సన్నటి మెడ, స్పష్టమైన పొట్ట, కోసుగా ముగిసిన తోక, అచ్చం జావా బల్లే. నేను పొరబడ్డానేమోనన్న ఆశతో మళ్ళీ మళ్ళీ చూశాను. చూసినకొద్దీ అనుమానం తగ్గిపోయింది.

ఆవిడ రాగానే, "ఇబూ, పిడీ ఒరా సులవేసివే. అలుగు మాత్రం జావాదనిపిస్తోందండి," అన్నాను.

"అనిపిస్తోందా? కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఎక్కడ?"

చెక్కపేడు చూపించాను. బల్లిని చూపించాను. ఆవిడ మెడలోని భూతద్దం చేతిలోకి తీసుకుని కూడా కంటికి పెట్టుకోలేదు. "ఇవాళ్టికి ఇంటికి వెళ్ళు స్వర్ణా," అన్నారు అంతే.

తర్వాత కొన్ని రోజులు ఇబు పనికి రాలేదు. ఫోను చేస్తే తీయలేదు. ఇంట్లో అన్నం సహించక కూర్చుంటే సుధాకర్, "బుగిస్ అనేస్తే సరిపోయేది కదా. షీ ఈజ్ యువర్ బాస్. ఎవరు చెక్ చేస్తారు?" అన్నాడు.

"ఆవిడే చెక్ చేస్తారు," అన్నాను. ఆ మాట అంటుంటే నాకూ కాస్త ధైర్యం వచ్చింది.

ఇబు ఒక పొద్దున నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. తండ్రి కెరిస్ పిడికి సాక్సు తొడిగి ఉంది. నన్ను పలకరించకుండా మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉన్నారు. అప్పుడు భూతద్దం దించి, "జావా. మధ్య జావా కావచ్చు," అన్నారు. "మా ఇంటికి ఎలా వచ్చిందో ఇంక తెలీదు. కొన్నారో, పెళ్ళిలో వచ్చిందో, లాక్కున్నారో."

"మరి మీ నాన్నగారు చెప్పింది?"

"ఆయనకి చెప్పింది ఆయన చెప్పారు. పిడి ఊడదీసి చూడాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు."

ఆ సాయంత్రమే నా ముందే తమ్ముడికి ఫోను చేశారు. వాళ్ళ భాష నాకు అర్థం కాకపోయినా అవతలి గొంతులో కోపం అర్థమైంది. ఫోను పెట్టేశాక, "నాన్నని అబద్ధాలకోరుని చేస్తున్నావంటున్నాడు," అన్నారు. ఫోనుని స్వెట్టరు అంచుతో తుడిచిందే తుడుస్తున్నారు. చూడలేక, "పోనీ ప్రదర్శనలో పెట్టడం మానేద్దామండి. ఎవరికీ తెలియదు కదా," అన్నాను.

ఆవిడ నా వైపు కోపంగా చూడటం అదొక్కసారే. "ఆ వ్యాపార కుటుంబానికి మనం ఒప్పుకోనిది నా కుటుంబానికి ఒప్పుకోమంటావా?"

ఆ కెరిస్‌ని గది మధ్యలోనే పెట్టారు. కింద ఒక అట్ట మీద ఆవిడే రాశారు: అలుగు జావాలో పుట్టింది. పిడీ ఒరా దక్షిణ సులవేసిలో తొడిగారు. నాలుగు తరాలుగా ఒక బుగిస్ కుటుంబం దీన్ని తమదిగా కాపాడుకుంది.

ప్రదర్శన మొదలైన రోజు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇండోనేషియా వాళ్ళు కొందరు వచ్చారు. ఆవిడ ఊరివాడైన ఒక పెద్దాయన ఆ అట్ట ముందు చాలాసేపు నిలబడి, వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అడిగాడు. మా కోసం ఇబు ఇంగ్లీషులోకి మార్చారు. పరాయివాళ్ళ ముందు సొంత ఇంటి సంగతి ఇలా రాసుకోవడం ఏం బావుందని ఆయన అడుగుతున్నాడట.

"అయ్యా, మనవాళ్ళు ఓడలు నడిపారు. ఓడలు నడిపినవాళ్ళ ఇంట్లో అన్నీ సొంత ఊరివే దొరికితే అప్పుడు ఆశ్చర్యపోవాలి," అని ఇంగ్లీషులోనే, అందరికీ వినిపించేలా జవాబిచ్చారు. పెద్దాయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, అట్ట వదిలేసి అలుగు చూడటం మొదలుపెట్టాడు. డైరెక్టరు ఆ సాయంత్రం ఇబు దగ్గరికి వచ్చి, చాలాకాలం తర్వాత, మనస్ఫూర్తిగా చెయ్యి కలిపారు.

హమీద్ మాత్రం నెలల తరబడి మాట్లాడలేదు. ఆకులు రాలే కాలంలో ఒకరోజు ఇబు నన్ను కేకేసి ఫోను చేతికిచ్చారు. తెరలో ఆవిడ పోలికలే ఉన్న ఒకాయన బిగుసుకుని కూర్చున్నాడు. "వాడికి ఆ బల్లిని చూపించు," అన్నారావిడ. కెరిస్ పైన కెమెరా పట్టుకుని, మెడ, పొట్ట, తోక వేలితో చూపించాను. ఆయన తెరకి మొహం దగ్గరగా తెచ్చి, తోక మళ్ళీ చూపించమని చేత్తో సైగ చేశాడు. తర్వాత తడబడుతున్న ఇంగ్లీషులో అడిగాడు: "ఇంట్లో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి పిడి ఊడదీయాలంటే ఏం చేయాలి?"

ఇబు మొహం పక్కకి తిప్పుకున్నారు. గోరువెచ్చని గుడ్డ గురించి నేనే చెప్పాను.

ఆ తర్వాత ఆవిడ ఆరోగ్యం తగ్గుతూ వచ్చింది. చేతులు వణకడం మొదలయ్యాక పిడులు ఊడదీయడం పూర్తిగా నాకే వదిలేశారు, పక్కన కూర్చుని తప్పులు మాత్రం పట్టేవారు. నేను సప్లయర్ దగ్గర ఉద్యోగానికి అప్లై చేయనేలేదు. మ్యూజియం వాళ్ళు ఆవిడ కింద చిన్న పోస్టు ఇస్తే చేరిపోయాను. ఆవిడ పోయాక హమీద్ వచ్చారు. కాగితాలన్నీ పూర్తయ్యాక కెరిస్‌ని పట్టుగుడ్డలో చుట్టి అందించాను. ఆయన కదల్లేదు. గోడ వైపు చూపించి, "మా అక్క రాసిన ఆ అట్ట కూడా ఇస్తారా?" అని అడిగారు. మేకులు తీసి నేనే ఇచ్చాను. దాన్ని చొక్కా లోపల, గుండెకి ఆనించి పెట్టుకుని వెళ్ళారు.

ఇప్పుడు ఆ గది నాది. మొన్న బుధవారం ఒహాయో నుంచి ఒకమ్మాయి తాతగారి కెరిస్ పట్టుకుని వచ్చింది. వచ్చే నెల ఆమె పెళ్ళి. పెళ్ళి మండపంలో పెట్టుకుంటుందట. "తాత ఎప్పుడూ బాలీది అనేవారు. మీరు ఒక్క మాట అవునంటే చాలు," అంది. ఆమె మొహంలో ఎంత ఆశ ఉందో చూశాను. తల ఊపితే అయిపోయేది. సంతోషంగా వెళ్ళిపోయేది. ఒర తీసి చూశాను. అలుగు తేలిగ్గా ఉంది, బాలీ అలుగులకుండే బరువు లేదు.

"బాలీది అని నేను చెప్పలేనమ్మా. ఎక్కడిదో ఇంకా తెలీదు. చూడాలి, టైం పడుతుంది," అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. సంచీ తీసుకుని లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇలాంటప్పుడు మనసు గట్టి చేసుకుని ఊరుకోవడం ఎంత కష్టమో ఇన్నేళ్ళయినా నాకు అలవాటు కాలేదు. మాట మాత్రం మార్చలేదు. ఆమె వెనక్కి తిరిగి, "మీరు చూస్తున్నప్పుడు నేనూ కూర్చోవచ్చా?" అని అడిగింది.

పక్క కుర్చీలోని కాగితాలు తీసేసి, బల్ల దీపాన్ని ఆమె వైపుకి కూడా వెలుతురు పడేలా జరిపాను.